తెల్లనివన్నీ పాలు కావు, పాలలాగున్నాయి

తెలుగు మేష్టారికి ఇంగ్లీషుతో పనేమిటని నన్ను చాలామంది అడిగారు. అడిగినవాళ్ళందరూ వెటకారానికి అడగలేదు. కొందరు నిజంగా తెలుసుకుందామనే అడిగారు. ఈ రెండో వాక్యాన్ని చదువరులు కాస్త జ్ఞాపకం పెట్టుకోవాలని మనవి. దానితో మనకి చాలా పని వుంది.

కాలేజీలో నేను చెప్పేది తెలుగే. సంధులు, సమాసాలు, అలంకారాలు - వీటితోనే నా పగలంతా గడిచిపోతుంది. సాయంత్రం ఆరు దాటేసరికి మాత్రం మా వరండాలో నలుగురైదుగురు పిల్లలు చేరతారు. ఎదురింటి తొమ్మిదో తరగతి అమ్మాయి, కిరాణాకొట్టు వారి అబ్బాయి, వాడి వెనకాలే తోకలాగ వాడి చెల్లెలు, డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగాల పరీక్షలకి చదువుకుంటున్న ఒక కుర్రవాడు. వీళ్ళలో చాలామంది చదివేది ఇంగ్లీషు మీడియమే. కిరణజన్య సంయోగక్రియ అంటే తెల్లమొహం వేస్తారు గాని, అదే మాట ఇంగ్లీషులో అంటే పేజీన్నర గడగడా అప్పజెబుతారు. తీరా "నిన్న మీ ఇంటికి ఎవరెవరొచ్చారర్రా?" అని ఇంగ్లీషులో అడిగితే ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. చదువు ఒక భాషలో వుంది. మాట ఇంకో భాషలో వుంది. రెంటికీ మధ్య వంతెన లేదు. వంతెన కట్టేవాడికి రెండు ఒడ్లూ తెలియాలి. తెలుగు మేష్టారికి ఇంగ్లీషుతో పని అక్కడ వచ్చిపడింది.

మా పద్ధతి కొత్తదేమీ కాదు, ఎక్కాల పద్ధతే. ఒక వాక్యం అచ్చు తీసుకోవడం, అందులో మాటలు మార్చి మార్చి నోటికి పట్టించడం. హెరాల్డ్ పామర్ అనే ఆంగ్లేయుడు 1916లో ఇటువంటి పట్టికలు వందతో ఒక పుస్తకం వేశాడు. తరవాత ఆయన జపాను వెళ్ళి అక్కడి పిల్లలకి ఇంగ్లీషు ఎలా చెప్పాలా అని ఏళ్ళ తరబడి ఆలోచించాడు. ఆయన బాటలోనే నడిచిన హార్న్‌బీ, జపానులోనే తన తోటివారితో కలిసి ఒక నిఘంటువు తయారుచేశాడు. అది 1942లో అక్కడ అచ్చయింది, 1948లో ఆక్స్‌ఫర్డు వారు మళ్ళీ వేశారు. మన ఇళ్ళల్లో అలమరా పైఅరలో దుమ్ము పేరుకుని వుండే లావుపాటి ఇంగ్లీషు నిఘంటువుకి మూలపురుషుడు అదే. ఇంగ్లీషు వాక్యాల అచ్చులన్నీ పోగుచేసి ఆయన 1954లో ఇంకో పుస్తకం వ్రాశాడు. మన హైదరాబాదులో ఇంగ్లీషు బోధన కోసం కేంద్ర ప్రభుత్వం వారు ఒక సంస్థ పెట్టినది 1958లో. అంటే, పరాయిభాషని ఎక్కాలలాగ వల్లెవేయించడం మా వరండాలో పుట్టిన వింత కాదని చెప్పడానికి ఇదంతా చెప్పాను.

అచ్చులు చాలా వున్నాయి. కాని నేను రెంటిని మాత్రం విడవకుండా రోజూ చేయిస్తాను. ఒకటి, కొంత కాదనడం. రెండోది, కనిపించినదాన్ని కనిపించినట్టు చెప్పడం. పిల్లలు వీటికి ముద్దుపేర్లు పెట్టుకున్నారు. మొదటిది "అన్నీ-కావు" వాక్యం, రెండోది "లాగుంది" వాక్యం. స్పెల్లింగు తప్పితే మార్కు పోతుంది. ఈ రెండు వాక్యాలూ తప్పితే మార్కు పోదు, మనుషులు పోతారు. ఎలాగో చెబుతాను.

ముందు "అన్నీ-కావు" సంగతి. పెళ్ళివారింటినుంచి వచ్చిన మనిషి "బంధువులందరూ రాలేదు" అంటే మనకి ఏమర్థమవుతుంది? కొందరు వచ్చారు, కొందరు రాలేదు అని. అసలు ఎవరూ రాకపోతే "ఎవరూ రాలేదు" అని అనేవాడు. తెల్లనివన్నీ పాలు కావనే సామెత కూడా ఇదే అచ్చు. తెల్లగా వున్నవాటిలో పాలూ వున్నాయి, సున్నపుతేటా వుంది, చూసి తాగమని దాని భావం. తెల్లనిదేదీ పాలు కాదని ఎవరైనా అర్థం చేసుకుంటే ఆ ఇంట్లో కాఫీ పుట్టదు.

ఇంతవరకు బాగానే వుంది. చిక్కల్లా ఇద్దరి దగ్గర వస్తుంది. "అందరూ రాలేదు" అంటే కొందరు వచ్చారని కదా. "ఇద్దరూ రాలేదు" అంటే ఒకరు వచ్చారని కాదు, ఎవ్వరూ రాలేదనే. "ఎప్పుడూ" అనే మాట ఇంకా గడుసుది. "ఎప్పుడూ వస్తాడు" అంటే రోజూ వస్తాడని. "ఎప్పుడూ రాడు" అంటే అసలే రాడని. అప్పుడప్పుడు వస్తాడని చెప్పాలంటే మనం గొంతు కాస్త సాగదీసి, "ఎప్పుడూ అని కాదుగాని, వస్తూంటాడు" అని ఏదో సర్దుకుంటాం. తెలుగులో గొంతు చేసే పని చాలా వుంది. మనకది తెలియకుండానే చేస్తాం.

ఇప్పుడు పిల్లవాడు తెలుగు వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో దింపుతాడు. "ఆల్ ద బాయ్స్ డిడ్ నాట్ కమ్" అంటాడు. ఇది రెండు మొహాల వాక్యం. ఒక మొహం, కొందరు రాలేదంటుంది. రెండోది, ఒక్కడూ రాలేదంటుంది. ఇంగ్లీషు వాళ్ళయినా ఈ వాక్యాన్ని పలికే స్వరాన్ని బట్టే పోల్చుకుంటారు. వాళ్ళలో వాళ్ళకే దీనిమీద వాదాలు జరిగాయి. డెన్మార్కు పండితుడు యెస్పర్సన్ కాదనే మాటలమీదనే 1917లో ఒక గ్రంథం వ్రాశాడు. 1926లో ఫౌలర్ తన వాడుక నిఘంటువులో "నాట్" అనే మాట వాక్యంలో ఎక్కడ కూర్చోవాలా అని చర్చించాడు. మా వరండాలో అంత చర్చ లేదు. ఒకటే సూత్రం: దేన్ని కాదంటున్నావో దాని నెత్తిమీదనే "నాట్" పెట్టు. వచ్చినమాటని కాదంటున్నావా, అందరూ అన్నమాటని కాదంటున్నావా? అందరూ అన్నదాన్నే అయితే "నాట్ ఆల్ ద బాయ్స్ కేమ్".

అక్కణ్ణించి ఎక్కం మొదలవుతుంది. ఆల్, నాట్ ఆల్, నన్. బోత్, నాట్ బోత్, నైదర్. ఆల్వేస్, నాట్ ఆల్వేస్, నెవర్. ఎవ్రీవేర్, నాట్ ఎవ్రీవేర్, నోవేర్. మూడేసి మెట్లు: అంతా, అంతా కాదు, అసలేమీ కాదు. నేను తెలుగులో ఒక సంగతి చెబుతాను, వాళ్ళు ఏ మెట్టో చూసుకుని చెప్పాలి. "బుట్టలో మామిడిపళ్ళన్నీ తియ్యగా లేవు." "నాట్ ఆల్ ద మ్యాంగోస్ ఆర్ స్వీట్." "మా బస్సు ఎప్పుడూ ఆలస్యంగా రాదు, సోమవారం మాత్రం వస్తుంది." "అవర్ బస్ ఈజ్ నాట్ ఆల్వేస్ లేట్." మొదటి వారం అందరూ "ఆల్వేస్ నాట్" అనే అంటారు. మూడో వారానికి నాలుక దారిలో పడుతుంది. కిరాణాకొట్టు అబ్బాయి నాకేసి చూస్తూ, "నాట్ ఆల్ టీచర్స్ ఆర్ స్ట్రిక్ట్" అన్నాడు. ఆ వాక్యంలో నేను ఏ పక్షాన వున్నానో వాడు చెప్పలేదు. ఈ అచ్చుకి ఆ సుగుణం కూడా వుంది.

దీనికి ఇంత పట్టుపట్టడం ఎందుకని అడగవచ్చు. క్రిందటేడు మా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను.

మా అక్కయ్యగారి ఆయనకి గుండెలో నొప్పిగా వుందంటే విశాఖపట్నంలో ఆస్పత్రికి తీసుకువెళ్ళారు. మేమంతా కాకినాడలో ఫోను చూసుకుంటూ కూర్చున్నాం. రాత్రి తొమ్మిదింటికి మా మేనల్లుడు కుటుంబమంతా వుండే వాట్సాప్ గ్రూపులో ఇంగ్లీషులో ఒక వాక్యం పెట్టాడు: "ఆల్ ద రిపోర్ట్స్ ఆర్ నాట్ నార్మల్." దాని కింద, పొద్దున్న పెద్ద డాక్టరు చూస్తారని ఇంకో వాక్యం. అంతే. ఆ తరవాత వాడి ఫోను పలకలేదు.

హైదరాబాదులో వున్న మా మేనకోడలు ఆ వాక్యం చదివి, మారుమాట లేకుండా రాత్రి బస్సుకి టిక్కెట్టు కొనేసింది, ఏడుస్తూ నాకు ఫోను చేసింది. మా ఆవిడ దేవుడి గదిలో దీపం పెట్టింది. మా అమ్మకి డెబ్భయ్యేడేళ్ళు. ఆమెకి ఇంగ్లీషు రాదు, మా మొహాలు చదవడం మాత్రం బాగా వచ్చు. "ఒరే నాయనా, ఏమయిందిరా? నా దగ్గర దాచకండి" అంటూ చెయ్యి పట్టుకుంది. "అమ్మా, ఆ వాక్యానికి రెండర్థాలున్నాయి. ఒకదాని ప్రకారం అన్నీ పాడయ్యాయని, రెండోదాని ప్రకారం అన్నీ బాగాలేవు గాని చాలామటుకు బాగానే వున్నాయని. అబ్బాయి మనలాగే తెలుగులో అనుకుని వ్రాసివుంటాడు, అంచేత రెండోదే అయివుంటుంది" అన్నాను. "చాల్లెండి, ఇది పాఠం చెప్పే వేళా?" అంది మా ఆవిడ. ఆవిడ అన్నదీ నిజమే. ప్రాణంమీదికి వచ్చినవేళ రెండర్థాలున్న మాటలో మనస్సు చెడ్డ అర్థాన్నే ఏరుకుంటుంది. ఆ రాత్రి మా అమ్మ అన్నం ముట్టలేదు.

తెల్లవారుజామున అయిదింటికి మేనల్లుడు ఫోను చేశాడు. "మావయ్యా, రాత్రి చార్జింగు అయిపోయింది. నాన్నకి బాగానే వుంది. ఎనిమిది పరీక్షలు చేస్తే ఏడు బాగానే వున్నాయిట. చక్కెర ఒక్కటే ఎక్కువగా వుందిట." వెనకాలనుంచి మా బావగారి గొంతు వినిపించింది: "ఏమోయ్, మీ మేనల్లుడు నన్ను ఎనిమిదింటికి ఎనిమిదీ తప్పించేశాట్ట!"

అబ్బాయి ఇంజనీరు. పాపం, వాడు అబద్ధమేమీ వ్రాయలేదు. "రిపోర్టులన్నీ నార్మల్‌గా లేవు" అన్న తెలుగు వాక్యాన్ని మాట తరవాత మాట దింపాడు. నోటితో చెప్పివుంటే "అన్నీ" దగ్గర గొంతు సాగేది, మాకు ఊపిరి ఆడేది. ఫోనులో వ్రాసిన మాటకి గొంతు లేదు. "వన్ రిపోర్ట్ ఈజ్ నాట్ నార్మల్" అని అంకె వేసి చెప్పినా, "నాట్ ఆల్" అని మొదలుపెట్టినా, ఒక ముసలావిడ ఆ పూట అన్నం తినేది. నా వరండాలో "నాట్" ఎక్కడ పెట్టాలన్నదానిమీద నేను అంత పట్టు పట్టడానికి ఇది చాలదా?

ఇక రెండోది, "లాగుంది" వాక్యం. ఇందులో మన తెలుగు చాలా సంపన్నమైనది. వాన సంగతే తీసుకోండి. "వాన వచ్చింది" అంటే చూశాను. "వాన వచ్చివుంటుంది" అంటే ఆలోచించి నిర్ణయించాను. "వాన వచ్చినట్టుంది" అంటే తడిసిన నేల చూసి అంటున్నాను. "వచ్చిందేమో" అంటే సందేహం. "వచ్చింది కాబోలు" అంటే ఊహ. "వచ్చిందట" అంటే నాకు తెలియదు, ఎవరో చెప్పారు. ఇన్ని మెట్లు మన పిల్లలు బడికి వెళ్ళకముందే ఎక్కేస్తారు. "అన్నయ్య కొట్టాడు" అనడానికీ "అన్నయ్య కొట్టాడట" అనడానికీ తేడా మూడేళ్ళ పిల్లకి తెలుసు. టర్కీ భాషలో కూడా క్రియకి "మిష్" అనే ప్రత్యయం చేర్చి, నేను కళ్ళారా చూసింది కాదు, విన్నదో ఆనవాళ్ళని బట్టి తెలుసుకున్నదో అని చెబుతారు. ఇంగ్లీషు క్రియకి ఇటువంటి తోక లేదు. వాళ్ళు దానికోసం వేరే మాటలు తెచ్చుకోవాలి.

అలా తెచ్చుకునే మాటల్లో "సీమ్" ఒకటి, "లుక్" ఒకటి. మా ఎక్కం ఇది: గుణం చెప్పాలంటే "లుక్స్" తరవాత గుణమే వస్తుంది. "షి లుక్స్ టైర్డ్." వస్తువుతో పోల్చాలంటే "లైక్" కావాలి. "దట్ క్లౌడ్ లుక్స్ లైక్ ఏన్ ఎలిఫెంట్." వాక్యమంతా పోల్చాలంటే "యాజ్ ఇఫ్" కావాలి. "ఇట్ లుక్స్ యాజ్ ఇఫ్ ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్." కంటికి "లుక్" అయితే చెవికి "సౌండ్", ముక్కుకి "స్మెల్", నాలుకకి "టేస్ట్", చేతికి "ఫీల్". పంచేంద్రియాలకీ అచ్చు ఒక్కటే. కిరాణాకొట్టు పిల్ల వంటింటివైపు మొహం పెట్టి, "ద సాంబార్ స్మెల్స్ గుడ్" అంది. వాక్యం నూటికి నూరు పాళ్ళూ సరిగా వుంది. మా ఆవిడ గిన్నెతో సాంబారు తెచ్చిపెట్టింది. వ్యాకరణానికి ఇంత సత్వర ఫలితం నేను కాలేజీలో ఎన్నడూ చూడలేదు.

ఇక్కడ నా తెలుగు చదువు అక్కరకొచ్చింది. ముఖం చంద్రుడిలా వుంది అంటే ఉపమ. అదే "లుక్స్ లైక్". ముఖమే చంద్రుడు అంటే రూపకం, అది "ఈజ్". ఈ మేడలు ఆకాశాన్ని ముద్దుపెట్టుకుంటున్నాయా అన్నట్టున్నాయి అంటే ఉత్ప్రేక్ష. అది "యాజ్ ఇఫ్". తాడుని చూసి పామనుకుని కెవ్వుమంటే భ్రాంతిమదలంకారం. అక్కడ మనిషికి "సీమ్స్" అనే తీరిక లేదు, "ఈజ్" అనే అంటాడు. పిల్లలకి ఇలా చెబితే అలంకారాలూ వచ్చాయి, ఇంగ్లీషూ వచ్చింది. కవి ఎక్కడ "లాగ" అన్నాడో, ఎక్కడ "అన్నట్టు" అన్నాడో, ఎక్కడ అవేమీ లేకుండా "అదే ఇది" అన్నాడో పట్టుకోవడమే కదా అలంకారశాస్త్రంలో సగం!

"యాజ్ ఇఫ్" లో ఇంకో మెలిక వుంది. వాన వచ్చేట్టుంది అంటే నిజంగానే రావచ్చు. "వాడు కలెక్టరైనట్టు మాట్లాడతాడు" అంటే వాడు కలెక్టరు కాదని మనకి తెలుసు. ఇంగ్లీషువాళ్ళు ఆ కానిదానికి గుర్తుగా క్రియని వెనక్కి జరుపుతారు: "హి టాక్స్ యాజ్ ఇఫ్ హి వర్ ద కలెక్టర్." మరొక చోట మాత్రం రెండు భాషలూ అక్కచెల్లెళ్ళలాగ వున్నాయి. "అతనికి తెలియనట్టుంది" అనవలసినచోట మనం "తెలిసినట్టు లేదు" అంటాం. కాదన్నమాట తెలియడం మీదనుంచి కనబడడం మీదికి జరిగింది. ఇంగ్లీషులోనూ అంతే: "హి డజ్ నాట్ సీమ్ టు నో." ఈ పోలిక చూపించినప్పుడు పిల్లల మొహాలు వెలుగుతాయి. పరాయి ఊళ్ళో మన ఇంటిపేరు వాడొకడు తగిలినంత సంతోషం.

అయితే ఒకచోట మనవాళ్ళు తప్పకుండా కాలు జారతారు. మన "ట"ని ఇంగ్లీషులో "ఇట్ సీమ్స్" చేసేస్తారు. "ఆయన మద్రాసు వెళ్ళాడట" అన్నదానికి "హి హాజ్ గాన్ టు మద్రాస్, ఇట్ సీమ్స్" అంటారు. మనలో మనం మాట్లాడుకున్నప్పుడు చెల్లిపోతుంది. కాని రెంటికీ చాలా తేడా వుంది. "ట" అంటే ఆ మాటకి పూచీ నాది కాదు, చెప్పినవాడిది. "ఇట్ సీమ్స్" అంటే నేను ఆనవాళ్ళు చూశాను, చూసి ఇలా అనుకుంటున్నాను అని. విన్నవాడు కాస్తా సాక్షి అయి కూర్చుంటాడు. విన్నమాటకి "ఐ హియర్" అనో "దె సే" అనో అనాలి.

ఈ తేడా వల్ల ఒక కుర్రవాడి బ్రతుకుతెరువు నిలబడిన వైనం మా వీధిలోనే జరిగింది. మా ఎదుటి అపార్ట్‌మెంటులో ఒక ఆదివారం సాయంత్రం ఒక పిల్లవాడి సైకిలు కనిపించకుండా పోయింది. గేటు దగ్గర ఇస్త్రీబండి పెట్టుకున్నాయన దగ్గర ఒక కుర్రాడు పనిచేస్తున్నాడు, పదహారు పదిహేడేళ్ళవాడు. వాచ్‌మన్ అన్నమాట: "ఆ కుర్రాడు సైకిలు దగ్గర నిలబడ్డాడు." అది మొదటి అంతస్తుకి చేరేసరికి "వాడే తీశాడేమో" అయింది. రెండో అంతస్తులో "వాడే తీశాడట" అయింది. మూడో అంతస్తులో సంఘం కార్యదర్శిగారుంటారు. ఆయన పెద్ద ఉద్యోగం చేసి రిటైరయినవారు, ఏ మాటైనా ఇంగ్లీషులోనే వ్రాస్తారు. "ఇట్ సీమ్స్ ద ఐరనింగ్ బాయ్ హాజ్ టేకెన్ ద సైకిల్" అని మొదలుపెట్టి, ఇస్త్రీబండిని రేపటినుంచి గేటు దగ్గర వుంచకూడదని ముగించారు. కళ్ళు సరిగా కనబడక, దాన్ని ఫోనులోకి ఎక్కించమని మనవరాలికి ఇచ్చారు. ఆ మనవరాలే మా ఎదురింటి తొమ్మిదో తరగతి అమ్మాయి.

"తాతయ్యా, మీరు చూశారా?" అని అడిగిందిట.

"నేనెందుకు చూస్తాను? అందరూ అంటున్నారు."

"అయితే ‘ఇట్ సీమ్స్’ కాదు తాతయ్యా, ‘దె సే’ అవుతుంది. అందరూ కూడా అనటం లేదు, మనింట్లో నేను అనటం లేదుగా. అంచేత ‘సమ్ పీపుల్ సే’ అనాలి. పోనీ వాళ్ళైనా చూశారా?"

పెద్దాయన కోపంగా నా దగ్గరికి వచ్చారు. "ఏమండీ మేష్టారూ, పిల్లకి ఇంగ్లీషు నేర్పమన్నాం గాని ప్లీడరీ నేర్పమన్నామా?" అన్నారు. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. "మీరు చెప్పిందే వ్రాద్దామండి. కాని తెలిసినదెంతో ముందు చూసుకుందాం" అని కాయితం తీశాను. సైకిలు లేదు, అది నిశ్చయం. ఆదివారం మధ్యాహ్నం దాకా వుంది, అదీ నిశ్చయం. కుర్రాడు దాని దగ్గర నిలబడ్డాడు. వాడి ఇస్త్రీబండి పక్కనే కదా సైకిళ్ళ స్టాండు, వాడు ఇంకెక్కడ నిలబడతాడు? అంతకంటె ఇంకేమీ మిగల్లేదు. పెద్దాయన కాయితంకేసి కాసేపు చూశారు. కొట్టివేతలు పోగా మిగిలినది ఒకటే వాక్యం: ఆదివారం సాయంత్రంనుంచి ఒక నీలంరంగు సైకిలు కనిపించడం లేదు, చూసినవారు తెలపవలసింది. అదే గ్రూపులోకి వెళ్ళింది.

మంగళవారంనాడు మెయిన్‌రోడ్డు సైకిలు షాపు వాడు కబురు చేశాడు. సైకిలు పోగొట్టుకున్న పిల్లవాడి పెత్తండ్రి కొడుకే పంక్చరు వేయించమని అక్కడ ఇచ్చి, వాళ్ళ ఊరు బస్సెక్కి, ఆ సంగతి మరిచిపోయాడు. ఇస్త్రీబండి కదలలేదు. ఆ కుర్రాడికి తనమీద ఒక ఇంగ్లీషు వాక్యం తయారైందన్న సంగతే తెలియదు. కార్యదర్శిగారు ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. అయితే సంఘం తాలూకు ప్రతి ప్రకటనా ఇప్పుడు మనవరాలు చదివాకనే బయటికి వస్తోంది.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెయ్యాలి. "సీమ్స్" అనేది గొడుగు కాదు. అనుమానాన్నంతా దానికింద దాచి, "నేను ఖాయంగా అన్లేదండీ, అలా కనిపిస్తోందన్నాను" అని తప్పుకోవడానికి అది పనికిరాకూడదు. అలా అనాలంటే కనిపించినదేమిటో చెప్పగలగాలి. అంచేత మా వరండాలో "లాగుంది" వాక్యం ఎవరు చెప్పినా వెంటనే మిగతావాళ్ళు "హౌ డు యు నో?" అని అరవాలి. "హి సీమ్స్ టు బి ఇల్" అంటే సరిపోదు. "హిస్ ఐస్ ఆర్ రెడ్" అని ఆనవాలు చూపాలి. ఆనవాలు లేకపోతే ఆ వాక్యం చెల్లదు. పిల్లలకి ఇది మంచి ఆట. పెద్దవాళ్ళకే కొంచెం కష్టం.

ఈ మధ్య రెండచ్చులూ కలిపి ఒకే వాక్యంలో చెప్పమన్నాను. ఉప్పూ కర్పూరమూ చూపుకి ఒక్కలాగే వుంటాయనీ, రుచి వేరనీ వేమన చెప్పిన పోలిక మనకి తెలిసినదే. ఆ వేమన పద్యాలని ఇంగ్లీషు అనువాదంతో సహా 1829లో అచ్చువేయించిన సి. పి. బ్రౌను మనలాగే రెండు ఒడ్లమధ్య వంతెన కట్టినవాడు. ఈ సంగతి చెప్పి, "ఆ పోలిక మీ మాటల్లో చెప్పండర్రా" అన్నాను. ఉద్యోగాల కుర్రవాడు, చూపుకి ఉప్పులా వున్నదంతా ఉప్పు కాదని తప్పులేకుండా అప్పజెప్పాడు. కిరాణాకొట్టు అబ్బాయి మాత్రం కాసేపు ఆలోచించి, "నాట్ ఎవ్రీవన్ హూ లుక్స్ ఏంగ్రీ ఈజ్ ఏంగ్రీ" అన్నాడు. "హౌ డు యు నో?" అని అందరూ అరిచారు. వాడు తెలుగులోకి దిగిపోయి, "మా నాన్న కొట్లో కూర్చుంటే అలాగే కనిపిస్తాడండీ. అప్పులవాళ్ళు వస్తారని అలా పెడతాడండీ మొహం. రాత్రి మాకు కథలు చెబుతాడు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నేను వాడి వాక్యాన్ని నోటుపుస్తకంలో వ్రాయించాను.

పిల్లలకి ఈ వాక్యాలవల్ల ఉద్యోగాలొస్తాయో రావో చెప్పలేను. ఇంటర్వ్యూలో వాళ్ళ ఇంగ్లీషు దొరలదిలాగ వుంటుందనీ చెప్పను. ఒక్కటి మాత్రం గమనించాను. అందరూ అనబోయి ఆగి, కొందరు అనేవాడి నోట తిట్లు తక్కువగా వస్తాయి. తీశాడు అనబోయి ఆగి, నేను చూడలేదు అనేవాడివల్ల పక్కవాడి అన్నం పోదు. ఈ ఆగడం ఇంగ్లీషులో నేర్చుకున్నా తెలుగులో పనిచేస్తుంది. మన భాషలో అన్ని మెట్లూ పుట్టుకతోనే వచ్చాయి గనుక మనం చూసుకోకుండా ఎక్కి దిగుతూంటాం. పరాయిభాషలో ఒక్కొక్క మెట్టూ తడుముకుని అడుగు వెయ్యాలి. ఆ తడుములాటలో మన మెట్లు మనకి మొదటిసారి కనిపిస్తాయి.

ఇదంతా వ్రాసి మా ఆవిడకి చదివి వినిపించాను. సాంతం వింది. "మీరు చెప్పేవన్నీ నమ్మడానికి లేదు" అని పోపు మాడుతోందంటూ లేచి వెళ్ళిపోయింది. ఆవిడ "ఏదీ" అనలేదు, "అన్నీ" అంది. ఇన్నేళ్ళ కాపురంలో అంతకంటె మంచి యోగ్యతాపత్రం నాకు దొరకలేదు. పోపు మాడినట్టే వుంది, వాసన వస్తోంది.